ఐదో చరణం

పోయిన నెల మా కోడలు నన్ను చెవుల పరీక్షకి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళింది అనడం మర్యాదకి, నిజానికి లాక్కెళ్ళింది. టీవీ సౌండు పెంచుతున్నానని, ఫోనులో ప్రతి మాటకీ "ఆఁ?" అంటున్నానని, కూరగాయలబ్బాయి గేటు దగ్గర అరిచి అరిచి వెళ్ళిపోతున్నాడని ఆ పిల్ల దగ్గర పెద్ద జాబితా ఉంది. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి సంగీతం చెప్పినదాన్ని, శ్రుతి వెంట్రుకవాసి తప్పితే పక్క గదిలోంచి కేకేసేదాన్ని, నా చెవులకి పరీక్షేమిటని రోషంగానే వెళ్ళాను. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చింది అక్కడి అమ్మాయి. "సౌండ్ వినపడినప్పుడల్లా నొక్కండి ఆంటీ" అంది. మొదట్లో అన్నీ వినపడ్డాయి. తర్వాత ఎంతసేపటికీ ఏమీ లేదు. అద్దం అవతల ఆ అమ్మాయి మీట తిప్పుతోంది, నా వైపు చూస్తోంది. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా నేను బటన్ నొక్కడం మొదలుపెట్టాను. నాలుగోసారికి ఆ అమ్మాయి లేచి వచ్చి, నవ్వు ఆపుకుంటూ నా కుర్చీని గోడవైపు తిప్పేసింది. దొరికిపోయాక చేసేదేముంది, గోడ చూస్తూ కూర్చున్నాను. అప్పుడే మా మాస్టారు గుర్తొచ్చారు. చెవి చెయ్యని పని కంటితో చెయ్యడం ఆయన దగ్గర చూసిందే.

మాస్టారంటే, కంచరపాలెంలో మేం అద్దెకున్న వీధి చివర, రైలు పట్టాలకి కాస్త ఇవతల, పెంకుటింట్లో ఉండే మనిషి. భీమిలి వైపు చేపలు పట్టుకునే కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు అక్కడి మిషన్ బడిలో ఒక దొరసాని, వల అల్లే వేళ్ళు ఆర్గాన్‌కి పనికొస్తాయని చెప్పి కూర్చోబెట్టి నేర్పిందట. పగలంతా పడవలు బాగుచేసే ఒక షెడ్డులో ఇనపరేకుల మీద సుత్తి దెబ్బలు. సాయంత్రం వీధి పిల్లలకి హార్మోనియం పాఠాలు. ఆదివారం చర్చిలో ఆర్గాన్. ఇందులో అసలు ఉద్యోగం ఏదని ఎవరైనా అడిగితే, "ఆదివారందే ఉజ్జోగం, మిగతాయి తిండికి" అనేవారు. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉండేవారు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. పాఠం చెప్పేటప్పుడు చేతిలో బెత్తం ఉండేది కాదు. మేం తప్పు వాయిస్తే పన్ను సలిపినట్టు మొహం పెట్టేవారు, అంతే. ఆ మొహం చూడలేక సరిగ్గా వాయించేవాళ్ళం.

మాది గోదావరి జిల్లా. నాన్న పోర్టులో గుమస్తా. నాకు వీణ నేర్పించాలని మా బామ్మ కోరిక, కానీ వీణ టీచరు రెండు బస్సులు మారితే గానీ దొరకదు. వీధి చివరి హార్మోనియానికైతే నడిచి వెళ్ళొచ్చు. "చర్చి పాటలాయన దగ్గరా" అని బామ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు తనే బయలుదేరి మాస్టారి అరుగు మీద కూర్చుని గంటసేపు విన్నది. ఇంటికొచ్చి, "ఆనందభైరవి శుభ్రంగా ఉంది, పిల్లని పంపండి" అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత రోజూ నాతో వచ్చి అరుగు మీద కూర్చుని తొడ మీద తాళం వేసేది. మాస్టారి భార్య ఇచ్చే కాఫీ మాత్రం ఆరు నెలలు ముట్టలేదు. ఏడో నెల నుంచి పంచదార చాలలేదని చెప్పడం కూడా మొదలుపెట్టింది.

చర్చి పాటల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. రాగమేమో మనది, వాయిద్యమేమో ఓడలో వచ్చి దిగిన చెక్కపెట్టె. దాని మెట్లు నొక్కితే ఏ స్వరానికా స్వరం విడివిడిగా పలుకుతుందే తప్ప, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారే గమకం దానికి తెలీదు. మాస్టారు దానికి తెలిసేలా చేశారు. ఆర్గాన్‌కి కింద రెండు తొక్కుడు పలకలుంటాయి. తొక్కుతుంటే తిత్తులు ఆడి, ఆ గాలికి లోపలి ఇత్తడి రీడ్లు మోగుతాయి. ఆయన ఉత్తి కాళ్ళతో తొక్కేవారు. పక్క మెట్టు మీంచి వేలు జారుస్తూ, సరిగ్గా అప్పుడే కాలు తేలిక చేసేవారు. గాలి తగ్గి స్వరం కాస్త వంగేది, చాలామందికి తెలిసేది కాదు గానీ మా బామ్మ "ఆఁ" అనేది. సముద్రపు గాలికి రీడ్లు చిలుము పడతాయని నెలకోసారి అన్నిటినీ ఊడదీసి, గుడ్డతో తుడిచి, చర్చి వరండాలో పాత చీర మీద వడియాల్లా వరసగా పరిచేవారు. ఒకసారి కాకి ఒక రీడు ఎత్తుకుపోయింది. కొత్తది మద్రాసు నుంచి వచ్చేదాకా ఆ చర్చి పాటల్లో పైస్థాయి గాంధారం లేదు.

పాటలు కట్టేవారు కూడా. ముందు మాటలు రాసుకునే అలవాటు లేదు. పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో స్వరాలు రాసుకుంటూ, "నన్నన్నా నన్నా" అని కూనిరాగం తీస్తూ, వల లాగేవాళ్ళు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో అక్కడే పాటలోనూ ఊపిరికి చోటు వదిలేవారు. కొత్త వరస ఏదైనా ముందుగా చేపల మామ్మకి వినిపించాల్సిందే. మామ్మ పొద్దున్నే మా వీధుల్లో చేపలమ్మి, ఆదివారమైతే తొందరగా గంప దించేసి, స్నానం చేసి, మెడనిండా పౌడరు అద్దుకుని, చర్చిలో ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో చాప మీద కూర్చునేది. చదువు రాదు. గొంతు మాత్రం హార్బరు దాకా వినపడేది. మూడుసార్లు విన్నాక మామ్మ తిరిగి పాడలేకపోతే ఆ వరస ఎంత బాగున్నా మాస్టారు చింపేసేవారు. నాకు నచ్చినవి అలా ఎన్నో పొయ్యిలోకి వెళ్ళాయి. నేను బాధపడితే, "నీకు నచ్చితే సరిపోదమ్మా, ఆవిడ నోట్లో నిలబడాలి" అనేవారు.

నాకు ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి ఒక స్కూల్లో సంగీతం టీచర్నయ్యాను. ఆదివారాలు మాస్టారు రమ్మంటే వెళ్ళి, ఆర్గాన్ పక్కన స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పేదాన్ని, క్వయరు అమ్మాయిల శ్రుతి సరిచేసేదాన్ని. ఆ రోజుల్లోనే ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారి భార్య వీధి కుళాయి దగ్గర నీళ్ళు పడుతోంది. వంటింట్లో కుక్కరు పెట్టి, మూడు కూతలకి దించమని ఈయనకి చెప్పి వెళ్ళిందట. ఈ పని ఆయనకి ఎప్పటినుంచో ఉన్నదే, పాఠం మధ్యలో ఆపకుండా "రెండు" "మూడు" అని కూతలు లెక్కపెట్టేవారు. ఆ రోజు నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా ఒక కూత, కూర్చున్నాక ఇంకోటి, అలా ఏడు విన్నాను. ఆయన కాగితం మీద స్వరాలు రాసుకుంటూనే ఉన్నారు. పప్పు మాడిన వాసన వీధిలోకి వెళ్ళాక ఆవిడ బిందెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఏటి, మూడు కూతలకి దింపమన్నానా నేదా?" అంది. ఆయన తల దించుకున్నారు. తప్పు చేసిన వాళ్ళ తల అలా ఉండదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆవిడ లోపలికి వెళ్ళాక నా మొహం చూసి ఆయనే చెప్పారు. "పైస్థాయి ఇనపడటం నేదమ్మా నాకు. సంవత్సరం దాటిపోనాది. కిందిస్థాయి కాళ్ళకి తెలుస్తాది, సెక్కకి తెలుస్తాది. మడుసులు పాడేది మటుకు ఇనపడదు."

"మరి ఆదివారాలు ఎలా వాయిస్తున్నారు మాస్టారూ?" అన్నాను.

"అద్దం ఉంది కదేటి."

ఆర్గాన్ వాయించే మనిషి జనానికి వీపు పెట్టి కూర్చుంటాడు. పాస్టరుగారు లేచారో లేదో చూసుకోవడానికి ఎదురుగా గడ్డం గీసుకునే చిన్న అద్దం ఒకటి మేకుకి వేలాడుతుండేది. ఆ అద్దాన్ని ఆయన ఎప్పుడో మామ్మవైపు తిప్పేసుకున్నారు. "ఆవిడ నోరు గుమ్మమంత తెరుస్తాది. అచ్చరం అచ్చరం కనపడతాది. ఆవిడ మూస్తే నాను ఆపుతాను" అన్నారు. అంటే ఏడాదిగా నూటయాభైమంది పాటని ఆయన ఒక ముసలమ్మ పెదాల మీద వాయిస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని అన్నారు: "నాను వాయించకూడని రోజొకటి వొత్తాది. ఆ రోజు నువ్వే సెప్పాలి. కమిటీవోళ్ళు సెప్పకూడదు, అయ్యగారు సెప్పకూడదు. ఆళ్ళు జాలిపడి సెప్తారు. నువ్వయితే పాటని బట్టి సెప్తావు." అయ్యగారంటే పాస్టరుగారు, అక్కడ అందరూ అలాగే పిలిచేవారు. సరేనన్నాను. ఇరవై ఆరేళ్ళ వయసులో ఎవరికి ఏ మాటిచ్చినా తేలిగ్గానే ఇస్తాం.

ఆ తర్వాత రెండేళ్ళు బండి బాగానే నడిచింది. చెక్క అదిరేలా పాటలన్నీ ఒక్కో మెట్టు కిందికి దించుకుంటూ వచ్చారు. మగవాళ్ళకి హాయిగా ఉండేది, సన్నగొంతు అమ్మాయిలు మాత్రం అడుగు అందని బావిలోకి చేద వేస్తున్నట్టు గొణిగేవారు. పెద్దాయన పెద్దవాళ్ళ గొంతుని బట్టి వాయిస్తున్నారని నేను సర్దిచెప్పేదాన్ని. మామ్మ ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆవిడకి జలుబు చేస్తే, అప్పటికి సంగతి తెలిసిన మాస్టారి భార్యే మిరియాల కషాయం కాచి పట్టుకెళ్ళేది, ఎందుకింత ప్రేమో మామ్మకి తెలిసేది కాదు.

అప్పుడు కోత పండగ వచ్చింది. ఆ రోజు పంటలో, సంపాదనలో మొదటిది తెచ్చి చర్చిలో పెడతారు. సబ్బవరం వైపు నుంచి వచ్చేవాళ్ళు గుమ్మడికాయలు, కందులు, అరటి గెలలు తెస్తే, ఇక్కడివాళ్ళు వంజరం చేపలు, ఎండురొయ్యలు తెచ్చేవారు. ఒకాయన కోడిపుంజు తెచ్చాడు, అది పాస్టరుగారి ప్రసంగానికి మధ్యమధ్య సమాధానం చెప్పింది. కానుకలు తెచ్చేవాళ్ళ వరస నడిచినంతసేపూ జనం పాడుతూ ఉండాలి. అందుకని ఎనిమిది చరణాల పాత పాట ఒకటి పెట్టుకునేవారు. ఏ ఏడూ నాలుగో చరణం దాటేది కాదు. వరస అయిపోగానే పాట ఆపేయడం, పాస్టరుగారు చేతులెత్తి ప్రార్థన చెయ్యడం అలవాటు. ఆ రోజూ నాలుగో చరణంతో వరస అయిపోయింది, పాట ఆగింది, పుస్తకాలు మూసుకున్నాయి, పాస్టరుగారు చేతులెత్తారు. మాస్టారు మాత్రం వాయిస్తూనే ఉన్నారు. నేను తల తిప్పి చూద్దును కదా, మామ్మ కళ్ళు మూసుకుని, నోరు ఆ చెవి నుంచి ఈ చెవికి కదిలిస్తూ లోలోపల ప్రార్థన చేసుకుంటోంది. సోమవారం ఆవిడ మనవడికి స్టీల్ ప్లాంటులో ఇంటర్వ్యూ. దేవుడికి వివరంగా చెబుతోంది.

నేను ఆయన మోచేతిని తాకి ఉంటే సరిపోయేది. తాకలేదు. రెండు క్షణాలు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత మగవాళ్ళ వైపు నుంచి, పోర్టులో క్రేను నడిపే ఒకాయన పుస్తకం తెరిచి, బొంగురు గొంతుతో ఐదో చరణం ఎత్తుకున్నాడు. అది ఆ చర్చిలో ఎవరూ ఎప్పుడూ పాడని చరణం. పేజీలు గబగబా తిరిగాయి. చదువొచ్చినవాళ్ళు చూసి పాడారు, రానివాళ్ళు చివరి మాట పట్టుకుని సాగదీశారు. పాస్టరుగారు చేతులు దించి తనూ పాడారు. మామ్మ కళ్ళు తెరిచి, అందరూ పాడుతున్నారని చూసి, మాటలు రాకపోయినా పెద్దగా నోరు తెరిచింది. దాంతో మాస్టారు ఆరో చరణం అందుకున్నారు. అలా ఎనిమిదీ అయ్యాయి. ఆఖరికి మామ్మకి ఆయాసం వచ్చి నోరు మూసింది కాబట్టి ఆగింది.

జనం వెళ్ళాక ఆయన నా వైపు తిరిగారు. చొక్కా చెమటతో తడిసిపోయింది, మొహం వెలిగిపోతోంది. "ఎనిమిదీ పాడేరు" అన్నారు. "నలభయ్యేళ్ళలో ఎనిమిదీ ఎవులూ పాడనేదు. ఏటయింది ఈ రోజు ఈళ్ళకి?" నేను నిజం చెప్పాల్సిన రోజు అదే. నాకు తెలుసు, స్పష్టంగా తెలుసు. "పండగ కదా మాస్టారూ, పాడాలనిపించి ఉంటుంది" అన్నాను. ఆయన ఆర్గాన్ మూత మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, గేదెని మెచ్చుకున్నట్టు మెచ్చుకుని, ఇంటికి బయలుదేరారు.

అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. జనానికి చరణాలన్నీ కావాలని మాస్టారికి నమ్మకం కుదిరిపోయింది. మరుసటి ఆదివారం నుంచి మామ్మ నోరు మూసినా, ఆయాసపడుతోందిలే అనుకుని ఒక వరస ఊరికే వాయించి, ఆవిడ ఊపిరి తీసుకున్నాక తర్వాతి చరణంలోకి వెళ్ళేవారు. జనం కూడా పాపం కిమ్మనకుండా పాడేవారు. పదకొండింటికి అయిపోవాల్సిన ఆరాధన ఒంటిగంటకి గానీ అవడం లేదు. స్టీల్ ప్లాంటులో మధ్యాహ్నం షిఫ్టు ఉన్నవాళ్ళు చివరి పాట కాకుండానే వెనక తలుపులోంచి జారుకుని బస్సు కోసం పరిగెత్తేవారు. అలా పండగతో కలిపి ఐదు ఆదివారాలు. ప్రతి శనివారం చెబుదామని వెళ్ళడం, ఆయన కొత్త ఉత్సాహంతో పాత పాటల ఏడో చరణాలు, తొమ్మిదో చరణాలు వెతికి పెట్టుకుని కూర్చోవడం చూసి, ఇంకో కాఫీ తాగి వచ్చేయడం. నాకు ధైర్యం లేకపోవడాన్ని దయ అనుకున్నాను. ఆ పొరపాటు తర్వాత కూడా చేశాను గానీ, అంత సిగ్గుపడింది మాత్రం అప్పుడే.

ఐదో వారం శుక్రవారం, స్కూలు వదిలే వేళకి మాస్టారి భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ ఎప్పుడూ అటువైపు వచ్చింది లేదు. "రేపు కమిటీవోళ్ళు ఇంటికొత్తారంటమ్మా. కీబోర్డు కొన్నారంట, వాయించే కుర్రోడ్ని కూడా సూసుకున్నారంట. అయ్యగారు నాతో సెప్పేరు, మెత్తగా మాటాడతామన్నారు" అంది. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ, "ఆళ్ళు మెత్తగా మాటాడితే ఈయన తట్టుకోనేరు. నువ్వు సెప్పీ" అంది. నేరుగా ఆవిడతోనే వెళ్ళాను.

ఆయన అరుగు మీద కూర్చుని ఏదో పాట తొమ్మిదో చరణానికి స్వరం కుదురుస్తున్నారు. ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా మొహం ఎత్తి, మెల్లిగా చెప్పాను. "మాస్టారూ, ఇంక మీరు వాయించకూడదు."

పెన్సిలు పక్కన పెట్టారు. "ఎప్పుట్నుంచి?" అన్నారు.

"కోత పండగ నుంచి."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఒక చెయ్యి సరిపోయింది. "ఐదు ఆదివారాలు," అన్నారు. "కమిటీవోళ్ళకి జాలేస్తాదని నీకు అప్పసెప్పేను. నువ్వే జాలిపడిపోనావా? అందరూ నవ్వుకుంతంటే నాను ఏడో సరణం వాయించేనా?"

"ఎవరూ నవ్వలేదు మాస్టారూ" అని, జరిగింది జరిగినట్టు చెప్పాను. మామ్మ ప్రార్థన, పాస్టరుగారి చేతులు, క్రేను ఆయన ఎత్తుకోవడం, మూసిన పుస్తకాలు మళ్ళీ తెరవడం, అంతా. నేను ఏడుస్తూ చెబుతుంటే పెదాలు వంకరపోయి ఆయనకి అర్థం కాలేదు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు. రెండోసారి చెప్పాను. విని, "సుతిలోనే ఎత్తుకున్నాడా?" అని అడిగారు. "సుతిలోనే" అన్నాను. "కొత్త సరణంలో తాళం తప్పేరా?" "ఒక్కచోట. వెంటనే అందుకున్నారు." ఆయన తల పంకించి, కాగితాలు మడిచి, లోపలికి వెళ్ళి వాటిని దిండు కింద పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు కమిటీవాళ్ళు వస్తే, "నాను మానీసేను. ఆ పెట్టి మటుకు తియ్యొద్దు. ఈ అమ్మాయి వాయిస్తాది" అని వాళ్ళు నోరు విప్పకముందే చెప్పేశారట.

ఆ ఆదివారం ఆయన వెళ్ళి మగవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నారు. నలభయ్యేళ్ళుగా జనానికి వీపు చూపించిన మనిషి, ఎటు చూడాలో తెలీక ఒళ్ళో చేతుల్నే చూసుకున్నారు. ఆర్గాన్ నేను వాయించాను. చరణాలు ఎన్ని చెబితే అన్నే వాయించాను. ఆరాధన అయ్యాక అందరూ వచ్చి "బాగా వాయించేవమ్మా" అని పేరుపేరునా మెచ్చుకున్నారు. మాస్టారు నన్ను చెయ్యి పట్టుకుని మామ్మ దగ్గరికి తీసుకెళ్ళి, "ఎలాగ వాయించినాది?" అని అడిగారు. మామ్మ పైట సర్దుకుంటూ ఆయన మొహంలోకి చూసి, నోరు పెద్దగా తెరిచి చెప్పింది.

"జోరుగా పోనాది బాబూ. మాకు ఊపిరి ఆడనేదు."

మాస్టారు నా వైపు తిరిగారు. శుక్రవారం తర్వాత మొదటిసారి నవ్వారు, కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి. "సూసేవా," అన్నారు, "మామ్మకి ఐదు వారాలు పట్టనేదు."

మరుసటి ఆదివారం నెమ్మదిగా వాయించాను. ఆయన ఆ తర్వాత పదకొండేళ్ళు బతికారు, నామీద కోపం ఉంచుకోలేదు, చివరిదాకా నా చేత కాఫీ పెట్టించుకుని తాగారు. ఆ పదకొండేళ్ళలో ఏది ఏ ఏడో ఇప్పుడు నాకు గుర్తు లేదు, అన్నీ కలిసిపోయాయి. నేను నోరు మూసుకుని దాటేసిన ఆ ఐదు ఆదివారాలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా, ఇంకా గడుస్తూనే ఉన్నాయి.